గడ్డిమైదానంలో షికాగో: బొమ్మలో చూడాలా, కవితలో వినాలా, నవలలో చదవాలా?

1833లో షికాగో మూడు నాలుగు వందల మంది ఉన్న పల్లె. 1890 నాటికి జనం పది లక్షలు దాటారు. మధ్యలో, 1871లో, ఊరి నడిబొడ్డు కాలి బూడిదైంది కూడా. ఈ పెరుగుదలను ఎవరు బాగా పట్టుకున్నారు?

కరియర్ అండ్ ఐవ్స్ సంస్థ 1892లో అచ్చువేసిన లిథోగ్రాఫులో (రాతి పలకపై గీసి అచ్చువేసే బొమ్మ), మిషిగన్ సరస్సు పైన గాలిలో నిలబడి చూసినట్టు ఊరంతా కనిపిస్తుంది. రేవులో ఓడలు, వెనక వీధులు. విమానాలు లేని ఆ కాలంలో ఈ తరహా చిత్రకారులు వీధివీధీ నడిచి ఇళ్లు గీసుకుని, తర్వాత పైనుంచి చూస్తున్నట్టు కూర్చేవారు. ఎక్కడ ఏముందో తెలియాలంటే ఇదే మేలు. అయితే ఇలాంటి బొమ్మల్లో పొగగొట్టాల పొగ సంపదకు గుర్తు. దాన్ని పీల్చేవాడు అంత ఎత్తునుంచి కనపడడు. 1909 నాటి నగర ప్రణాళిక కోసం జూల్స్ గెరిన్ వేసిన అందమైన దృశ్యాలు మరో మెట్టు పైన. అది ఉన్న ఊరు కాదు, కోరుకున్న ఊరు.

కార్ల్ శాండ్‌బర్గ్ 1914 నాటి కవితలో ఊరి మీది నిందలన్నీ ఒప్పుకుంటూనే, దాన్ని నవ్వుతూ కొట్లాటకు దిగే కుర్రవాడిలా నిలబెట్టాడు. బిగ్గరగా చదివితే ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ కుర్రవాడు అప్పటికే ఎదిగిపోయాడు. ఎలా ఎదిగాడో కవిత చెప్పదు.

అది థియొడోర్ డ్రైజర్ చెప్పాడు. 1900లో వచ్చిన ‘సిస్టర్ క్యారీ’ నవల రెండో అధ్యాయంలో ఊరి అంచు ఉంది. జనం వస్తారన్న నమ్మకంతో ట్రాం పట్టాలు ముందే బయళ్లలోకి పరిచారు. ఎక్కడో ఒక ఇల్లు, మరెక్కడో ఒక కొట్టు. వాటి మధ్య రాత్రంతా గాలికి రెపరెపలాడే గ్యాసు దీపాల వరుసలు. చెక్కపలకల కాలిబాట సాగి సాగి చివరకు గడ్డిలో ఆగిపోతుంది. ఇళ్లకంటే ముందు దీపాలు రావడం! స్థలాల బేరం తెలిసినవారికి ఇది వేరే వివరించనక్కరలేదు. నా దృష్టిలో ఆ ఒక్క పేరా లిథోగ్రాఫునూ కవితనూ మించింది. కథ సగంలో న్యూయార్క్‌కు వెళ్లిపోతుంది, ఆ తర్వాత షికాగో కోసం వెతకవద్దు.

ఒక వెలితి మాత్రం అన్నింటిలోనూ ఉంది. 1833లోనే జరిగిన ఒప్పందంతో ఆ నేలను వదులుకోవలసి వచ్చిన పొటవాటమీ తెగ ఆదివాసులు బొమ్మలోనూ లేరు, కవితలోనూ లేరు, డ్రైజర్ దీపాల కింద కూడా లేరు.