కొత్త లారీ కొంటున్నారా? ఆర్డరు ఫారం వెనక పేజీ చదివాకే సంతకం పెట్టండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఈ మిర్చి సీజనుకు కొత్త లారీ దించుదామనుకుంటున్న వారి కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా నాలాగా ఒక్క బండి పెట్టుకుని తామే నడుపుకునేవారి కోసం. కంపెనీ పేరు, షోరూము పేరు రాయడం లేదు. రాస్తే నాకు నోటీసు వస్తుంది తప్ప మీకు ఒరిగేదేమీ ఉండదు. గొడవ వస్తే కోర్టుకు కాకుండా వాళ్లు పెట్టిన మధ్యవర్తి దగ్గరకే వెళ్లాలని వెనక పేజీలో రాసుకున్న ఆర్డరు ఫారాలు ఒక్క షోరూములోనే ఉంటాయని అనుకోకండి.

పదిహేనేళ్లు పరాయి బండ్లు నడిపాక 2024 మార్చిలో పది టైర్ల లారీ ఛాసిస్ 37 లక్షలకు తీసుకున్నాను. ఆటోనగర్‌లో బాడీ కట్టించడానికి ఇంకో అయిదున్నర లక్షలు అయింది. ఫైనాన్సు 33 లక్షలు. నెలకు దాదాపు 72 వేల కిస్తీ, 60 నెలలు. పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి రోడ్డెక్కేసరికి మే వచ్చింది. గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేలోపు రెండే ట్రిప్పులు దొరికాయి.

జులైలో ఒక రాత్రి గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎత్తుకుని చెన్నైకి బయలుదేరాను. చిలకలూరిపేట దాటేసరికి మీటరు మీద పసుపు దీపం వెలిగింది. మార్టూరు దాటాక ఇంజిన్ లాగడం మానేసింది. యాక్సిలరేటరు అడుగంటా తొక్కినా 20 దాటదు. జాతీయ రహదారి మీద పక్కగా 20 వేగంతో పోతుంటే వెనక నుంచి వచ్చే ప్రతి బండీ హారను కొట్టి తిట్టినట్టే పోతోంది. చినుకులు మొదలయ్యాయి. క్లీనరు కుర్రవాడు టార్పాలిన్ సరిచేయడానికి దిగి, బండి పక్కన కాసేపు పరుగెత్తి మళ్లీ ఎక్కాడు. ఒంగోలు చేరడానికి దాదాపు మూడు గంటలు పట్టింది.

నిజానికి బండి ఆ రాత్రి చేసింది తప్పు కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల పెద్ద లారీల్లో పొగ గొట్టంలోకి డీఈఎఫ్ చిమ్ముతారు. నీటిలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రవం అది. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను అది విరగ్గొడుతుంది. ఆ పని సరిగా జరగడం లేదని సెన్సారు చెబితే బండి ముందు పావు వంతు బలం తగ్గించుకుంటుంది. అప్పటికీ బాగు చేయకపోతే గంటకు 20 కిలోమీటర్ల వేగం మించనివ్వదు. తప్పు ఎక్కడుందో కనిపెట్టి బాగు చేయాల్సింది సర్వీస్ సెంటరు. అక్కడే నా కథ మొదలైంది.

పద్దెనిమిది నెలల్లో పదకొండు సార్లు బండిని లోపల పెట్టాను. మొత్తం 97 రోజులు. సెన్సారు నాలుగు సార్లు మార్చారు. మార్చిన ప్రతిసారీ మూడు నాలుగు వేల కిలోమీటర్లు బాగానే నడిచి మళ్లీ అదే దీపం. మొదట వాళ్లు అన్న మాట, "మీరు కల్తీ డీఈఎఫ్ పోస్తున్నారండీ." నేను కంపెనీ ముద్ర ఉన్న 20 లీటర్ల బకెట్లు తప్ప వేరే వాడలేదు. కానీ మొదటి ఆరు నెలల బిల్లులు నా దగ్గర లేవు. డీఈఎఫ్ బిల్లు దాచిపెట్టుకునే డ్రైవరును మీరు ఎక్కడైనా చూశారా? నేనూ చూడలేదు. ఇక నుంచి మీరు దాచండి, బకెట్టు మీది బ్యాచ్ నంబరు ఫొటోతో సహా.

అసలు సంగతి ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి చూపించాడు. వారంటీ పోతుందని బండి మీద చేయి వేయనన్నాడు. "చూడటానికి వారంటీ అడ్డం రాదు కదా బాబాయ్" అని బతిమాలితే, సర్వీస్ సెంటరువాళ్లు విప్పిన రోజున నాతో వచ్చాడు. డీఈఎఫ్ చిమ్మే ఇంజెక్టరు కొన చుట్టూ తెల్లగా, పటికబెల్లం కట్టినట్టు, బొటనవేలంత గడ్డ. గోటితో గీకితే పొడి రాలింది. "తుంపరగా పడాల్సింది చుక్కలుగా కారుతోందిరా అబ్బాయ్. చుక్క ఆరేలోపు గడ్డ కడుతుంది. వీళ్లు దీపాన్ని మారుస్తున్నారు, నూనె సంగతి చూడటం లేదు" అన్నాడు. ఆ మాటే నేను సర్వీస్ మేనేజరుగారికి చెబితే, "మా కంప్యూటర్లో ఆ కోడు రావడం లేదండీ" అన్నారు.

ఇక జాగ్రత్తగా చదవాల్సిన భాగం. బండి లోపల పెట్టిన ప్రతిసారీ సర్వీస్ సెంటరు రాసే కాగితాన్ని జాబ్ కార్డు అంటారు. నా పదకొండు జాబ్ కార్డుల్లో తొమ్మిదింటి మీద నా ఫిర్యాదే లేదు. "జనరల్ చెకప్" అని ఉంది. పని అయ్యాక ఫోనుకు ఒక ఓటీపీ వస్తుంది. అది చెబితేనే గేటు పాసు ఇస్తారు. నేను చెప్పాను. బయట లోడు ఎదురుచూస్తుంటే ఎవరైనా చెబుతారు. ఆ ఓటీపీ "సర్వీసు సంతృప్తికరం" అన్న నా సంతకం అని లాయరుగారు చెప్పేదాకా నాకు తెలియదు. పదకొండు సార్లు చెడిపోయిన బండి గురించి పదకొండు సార్లు సంతోషం ప్రకటించినవాణ్ణి నేనే.

2025 సెప్టెంబరులో ఓపిక నశించి ఫైలు పట్టుకుని లాయరుగారి దగ్గరకు వెళ్లాను. ఆయన ముందుగా ఆర్డరు ఫారం తిప్పి చూశారు. వెనక పేజీలో బూడిద రంగులో చీమ తలకాయంత అక్షరాలు. అన్ని వివాదాలూ కోర్టులో కాకుండా మధ్యవర్తిత్వం (ఆర్బిట్రేషన్) ద్వారానే తేల్చుకోవాలి, అది వేరే రాష్ట్రంలోని ఒక నగరంలో జరగాలి, తీర్పు చెప్పే ఏకైక మధ్యవర్తిని, అంటే ఆర్బిట్రేటరును, షోరూము యాజమాన్యమే నియమిస్తుంది. కింద నా సంతకం, తేదీతో సహా.

"వాళ్ల మనిషిని వాళ్లే పెట్టుకోవడం చెల్లదండీ, 2019లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు" అన్నారు. ప్రాణం లేచొచ్చింది. కానీ వాళ్లు ఒప్పుకోకపోతే వేరే ఆర్బిట్రేటరును వేయమని అడగాల్సింది నేలపాడులోని మన హైకోర్టులో కాదు, ఫారంలో రాసిన నగరం ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి హైకోర్టులో. ఇంకో చిక్కు. ఫారం మీద సంతకం డీలరుది. వారంటీ ఇచ్చింది తయారీ కంపెనీ. ఆ కాగితంతో మాకు సంబంధం లేదని కంపెనీ అంటే, ముందు దాని మీదే ఒక వాదన నడవాలి.

ఖర్చు లెక్క కూడా వేయించుకున్నాను. 1996 మధ్యవర్తిత్వ చట్టం నాలుగో షెడ్యూల్లో ఫీజుల నమూనా ఉంది. 30 లక్షల వివాదానికి 1,27,500 రూపాయలు. ఆర్బిట్రేటరు ఒక్కరే అయితే పావు వంతు అదనం, మొత్తం 1,59,375. చెరిసగం పంచుకున్నా నా వాటా దాదాపు 80 వేలు. లాయరు ఫీజు, రైలు చార్జీలు, బండిని తనిఖీ చేసి సాక్షిగా వచ్చే సర్వేయరు ఖర్చు వేరు. కాగితాల మీద వాదనలు పూర్తి కావడానికి ఆరు నెలలు, తర్వాత తీర్పుకు ఏడాది, ఇద్దరూ ఒప్పుకుంటే మరో ఆరు నెలలు. గెలిచినా అవతలివారు మూడు నెలల్లోగా కోర్టుకెక్కవచ్చు. రెండేళ్లు అనుకుంటే నా కిస్తీలే 17 లక్షల పైన.

వినియోగదారుల కమిషన్ దారి లేదా అని మీరు అడుగుతారు, నేనూ అడిగాను. ఉంది. లారీ కొని తానే నడుపుకుని బతికేవాడు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఫారంలో మధ్యవర్తిత్వం షరతు ఉన్నా కమిషన్‌కు వెళ్లవచ్చు, అది 2018లో తేలింది. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లోనే, మనం ఉండే ఊళ్లోనే వేయవచ్చు. 20 నుంచి 50 లక్షల మధ్య ఫీజు వెయ్యి రూపాయలు. డీలరునూ కంపెనీనీ ఇద్దరినీ చేర్చవచ్చు. గడువు రెండేళ్లు. మీ కాగితాలు శుభ్రంగా ఉంటే నా మాట విని ఈ దారే పట్టండి.

నా కాగితాలు శుభ్రంగా లేవు. నడుము నొప్పితో నేను పడుకున్న నాలుగు నెలలు మా బావమరిది జీతానికి నడిపాడు. అవతలి లాయరు ముందుగా పట్టుకునేది దాన్నే, ఇది వ్యాపారం, వినియోగదారుడు కాదు అని. తయారీ లోపం రుజువు కాకపోతే భాగం మార్చమంటారు తప్ప మొత్తం బండిని మార్చమనరని 2006 నాటి తీర్పు ఒకటి ఉంది. రుజువుకు నా దగ్గరున్నవి రెండే రెండు సరైన జాబ్ కార్డులు. వాటికి ఎదురుగా పదకొండు ఓటీపీలు. పైగా కేసు నడుస్తుండగా బండి అమ్మితే ఇక మీరు వినియోగదారు కాదనే వాదన కూడా వస్తుందట. అంటే కేసు వేస్తే బండిని గుమ్మంలో కట్టేసుకుని కూర్చోవాలి.

కిస్తీలు ఆపేసి పోరాడదామని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఆ పని మాత్రం చేయకండి. ఫైనాన్సు ఒప్పందం వేరు, అందులో ఇంకో మధ్యవర్తిత్వం షరతు ఉంటుంది. బండి చెడిపోయిందన్నది వాళ్లకు సంబంధం లేని విషయం. వాళ్లు బండి పట్టుకుపోతే మీ సాక్ష్యం కూడా వాళ్ల యార్డులోనే ఉంటుంది.

డిసెంబరులో ఒక రాత్రి మా ఆవిడ ముందు కూర్చుని లెక్క రాశాను. బండి నిలబడిన రోజుకు కిస్తీ 2,400, క్లీనరుకు 600, బీమా, పన్ను కలిపి 300. మొత్తం 3,300. అలాంటి 97 రోజులకు మూడు లక్షల ఇరవై వేలు, పోయిన కిరాయిలు కలపకుండానే. వారంటీ పుస్తకంలో ఆదాయ నష్టానికి బాధ్యత లేదని ముందే రాసుకున్నారు. ఆమె అంతా విని ఒకే మాట అడిగింది. "ఫిబ్రవరిలో కొత్త మిర్చి వస్తుంది కదండీ, అప్పటికి మన చేతిలో నడిచే బండి ఉంటుందా?"

ఆ మాటతో నాకు తేలిపోయింది. ఏప్రిల్ దాకా పరుగెత్తే మూడు నెలల మీదే మా ఏడాది ఆధారపడి ఉంది. అమ్మేద్దామనుకున్నాను.

అమ్మేముందు లైసెన్సు ఉన్న సర్వేయరుతో తనిఖీ చేయించి నివేదిక రాయించుకున్నాను. అది మొదటి ఏడాదే చేయాల్సింది. మధ్యవర్తిత్వానికే వెళ్లేవారు అది మొదలు కాకముందే మధ్యవర్తిత్వ చట్టం తొమ్మిదో సెక్షను కింద కోర్టును అడిగి బండిని తనిఖీ చేయించవచ్చు. ఉత్తర్వు వచ్చాక 90 రోజుల్లో మధ్యవర్తిత్వం మొదలుపెట్టాలి.

అమ్మకానికి నేను ఎంచుకున్న సమయం కూడా చెడ్డదే. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా లారీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. నేను కొన్న ఛాసిస్ మీద ఆ తేడా దాదాపు 2.9 లక్షలు. కొత్తది అంత చవకైతే పాతది ఎవరు ఎక్కువ పెట్టి కొంటారు? బండి బాగుంటే 31 లక్షల దాకా వచ్చేదని బ్రోకరు అన్నాడు. లోపం సంగతి చెప్పకుండా అమ్మేయమనీ అన్నాడు. మార్టూరు దగ్గర ఆ రాత్రి వెనక నుంచి వినిపించిన హారన్లు గుర్తొచ్చాయి. కొనడానికి వచ్చిన ఇబ్రహీంపట్నం మనిషి చేతిలో సర్వేయరు నివేదిక పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, "వారంటీ ఇంకా ఉంది కదా, నేను థర్మల్ ప్లాంటు బూడిద తోలేది ఇక్కడిక్కడే, ఆగినా ఇంటి దగ్గరే" అని 27 లక్షలు చెప్పాడు. ఫైనాన్సు బాకీ 24 లక్షలు తీర్చి, బాకీ లేదనే ఎన్‌ఓసీ తెచ్చుకుని, బండి పేరు మార్పిడికి కావాల్సిన 29, 30, 35 ఫారాల మీద సంతకాలు పెట్టాను. ఈసారి ప్రతి పేజీ తిప్పి చూశాకే పెట్టాను.

మిగిలిన మూడు లక్షలకు చీటీ పాడిన డబ్బు కలిపి 2019 నాటి బీఎస్-4 లారీ తెచ్చుకున్నాను. డీఈఎఫ్ అడగనిది. మైలేజీ తక్కువ, క్యాబిన్‌లో వేడి ఎక్కువ. ఢిల్లీ వైపు బీఎస్-4 లారీలకు ఆంక్షలున్నాయి కాబట్టి ఆ లోడ్లు ఒప్పుకోవడం లేదు. సీజను మొదలయ్యాక ఇప్పటికి తొమ్మిది ట్రిప్పులు తిరిగాను.

మీరు కొనేటప్పుడు ఫారం వెనక పేజీలోని మధ్యవర్తిత్వం షరతు కొట్టేయమని అడగండి. కొట్టేయకపోతే కనీసం స్థలం విజయవాడ అని మార్పించండి, కుదరదంటే పక్క షోరూముకు వెళ్లండి. జాబ్ కార్డు మీద మీ ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి. రాయనంటే అక్కడే నిలబడి అదే విషయం వాళ్ల మెయిలుకు పంపండి. ఒకే లోపానికి మూడోసారి బండి లోపల పెట్టిన రోజున లాయరును కలవండి, పదకొండోసారి కాదు.

మొన్న మంగళవారం యార్డు గేటు దగ్గర వరుసలో ఉండగా నా ఫోనుకు ఓటీపీ వచ్చింది. "మీ వాహనం సర్వీసు పూర్తయింది, సంతృప్తిని ధ్రువీకరించండి." షోరూములో ఇంకా నా నంబరే ఉంది. అయిదు నిమిషాలకు ఇబ్రహీంపట్నం నుంచి ఫోను. "అన్నా, మీకేదో నంబరు వచ్చిందట, చెబుతారా?" దీపం ఆరిందా అని అడిగాను. ఆరిందన్నాడు. కొండపల్లి దాకా లోడుతో తోలి చూసి, తిరిగొచ్చాక అడుగు, అప్పుడు చెబుతానన్నాను.