డిస్‌ప్లే లైట్లు కొనేవాళ్లకు హెచ్చరిక: పెట్టె మీది అంకె నమ్మి నేను మోసపోయాను

నాకు బట్టల షోరూమ్ ఉంది. వెనక గదిలో చిత్రకారుల బొమ్మలు పెట్టి అమ్ముతుంటాను. పోయిన ఏడాది రెండుచోట్లా పాత హాలోజన్ లైట్లు తీయించి పైకప్పుకు బిగించిన పట్టాలకు (ట్రాక్) తగిలించే ఎల్‌ఈడీ లైట్లు 46 వేయించాను. వెలిగించిన రోజు చూసినవాళ్లంతా బాగుందన్నారు, నేనూ అన్నాను. పదిరోజులు తిరక్కుండానే ముదురు ఎరుపు శాలువా కొన్న ఒకావిడ దాన్ని వెనక్కి తెచ్చింది. "నేను తీసుకున్నది ఇటుకరంగుది, మీరు వేరేది మడిచి ఇచ్చారు" అంది. ఆమె చేతిలో ఉన్నది ఆమె ఎంచుకున్నదే. గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తే గానీ నమ్మలేదు.

ఆ తర్వాత గమనిస్తే, చాలామంది ఏది నచ్చినా ముందు గుమ్మం దాకా పట్టుకెళ్లి చూసుకుంటున్నారు. లోపల 46 లైట్లు వెలుగుతుంటే బయటి వెలుతురులో రంగు చూసుకోవాల్సి వస్తోందంటే, ఇక ఆ లైట్లు దేనికి?

అమ్మినతను ఒకటికి పదిసార్లు చెప్పిన మాట "సీఆర్ఐ 90 ప్లస్, మ్యూజియం గ్రేడ్ మేడమ్". మ్యూజియం గ్రేడ్ అని పెట్టె మీద ఎవరైనా అచ్చేసుకోవచ్చు, దాన్ని వదిలేయండి. సీఆర్ఐ మాత్రం నిజమైన కొలతే. లైటు కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే మార్కు అది, గరిష్ఠం 100. హాలోజన్ బల్బులో తీగ కాలి వెలుగుతుంది కాబట్టి దానికి దాదాపు 100 వస్తుంది. అందుకే ఇన్నేళ్లలో ఈ సంగతి పట్టించుకోవాల్సిన అవసరమే నాకు రాలేదు.

కిటుకంతా ఆ మార్కు వేసే తీరులో ఉంది. అది 8 రంగుల సగటు. ఆ ఎనిమిదీ పెద్దగా చిక్కదనం లేని రంగులే. చిక్కటి ఎరుపు తొమ్మిదోది. దాన్ని ఆర్ 9 అంటారు, సగటులో కలపరు. ఎనిమిది సబ్జెక్టుల మార్కులు లెక్కేసి, తొమ్మిదోది తప్పినా ఫస్ట్ క్లాస్ ఇచ్చినట్టు. సీఆర్ఐ 80 ఉన్న లైటుకు ఆర్ 9 సున్నా దగ్గర ఉండొచ్చు, సున్నా కంటే కిందికీ పోవచ్చు. దీనికి కారణం ఉంది. తెల్ల ఎల్‌ఈడీ లోపల సాధారణంగా ఉండేది నీలి చిప్పు. దాని మీద వేసిన ఫాస్ఫర్ పూత ఆ నీలంలో కొంత భాగాన్ని పసుపుగా, ఎరుపుగా మారిస్తే అన్నీ కలిసి తెల్లగా కనిపిస్తుంది. ముదురు ఎరుపు మన కంటికి అంత వెలుగుగా తోచదు. అందుకని ఎరుపు పెంచితే అదే కరెంటుకు ల్యూమెన్లు, అంటే లైటు ఇచ్చే మొత్తం వెలుగు లెక్క, తగ్గుతాయి. ల్యూమెన్లు చూపించి అమ్ముకునేవాడు ముందు కోత పెట్టేది ఎరుపుకే.

ఫొటోగ్రాఫర్ అయిన ఒక స్నేహితుడు చిన్న స్పెక్ట్రోమీటర్ తెచ్చి కొలిచాడు. సీఆర్ఐ 82. ఆర్ 9 అయితే 7! అమ్మినతనికి ఫోన్ చేస్తే "మీ గోడల రంగు వల్ల అలా కనిపిస్తుంది మేడమ్" అన్నాడు. నా గోడలు తెల్లవి. ఆయన డెమో గదిలో ఏమేం పెట్టాడో ఇప్పుడు తలచుకుంటే నామీద నాకే నవ్వొస్తోంది. గాజు సామాను, తెల్లటి శిల్పం, నీలం గుడ్డ. ఎరుపన్నది మచ్చుకైనా లేదు.

శాలువాల సంగతి డబ్బుతో పోయింది. వెనక గదిలో జరిగింది తలచుకుంటే మాత్రం ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అక్కడ ఒక చిత్రకారిణి నన్ను నమ్మి ఇచ్చిన నీటిరంగుల బొమ్మలున్నాయి. "ఎల్‌ఈడీలో యూవీ ఉండదు, ఎంత వెలుగు పెట్టినా బొమ్మకేం కాదు" అన్నాడు అమ్మినతను. ఇందులో సగమే నిజం. ఈ రకం ఎల్‌ఈడీల్లో యూవీ, అంటే కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి, దాదాపు ఉండదు, ఆ మాట సరే. కానీ రంగు వెలిసిపోవడానికి కంటికి కనిపించే కాంతి కూడా చాలు. పైగా నష్టం కూడబెట్టుకుంటూ పోతుంది. సగం వెలుతురులో రెట్టింపు కాలం ఉంచినా దెబ్బ ఇంచుమించు అంతే. వస్తువు మీద పడే వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. మ్యూజియంలు నీటిరంగులకు, కాగితానికి, పాత బట్టలకు 50 లక్స్ దాటనివ్వవు. తైలవర్ణ చిత్రాలకు 200 దాకా పర్వాలేదు. అంతర్జాతీయ కాంతి సంఘం సీఐఈ 2004లో ఇచ్చిన నివేదికలో, త్వరగా వెలిసే రంగులకు ఏడాది మొత్తానికి 15,000 లక్స్-గంటలు (లక్స్‌ను వెలిగిన గంటలతో గుణిస్తే వచ్చేది) పరిమితిగా పెట్టారు.

నా గదిలో బొమ్మ మీద పడుతున్నది 600 లక్స్. రోజుకు 8 గంటలంటే 4,800 లక్స్-గంటలు. నాలుగో రోజు మధ్యాహ్నం లోపే ఏడాది కోటా అయిపోతుంది! నేను ఈ లెక్క వేసుకునేసరికి బొమ్మలు ఆ గోడ మీద ఐదు వారాలుగా ఉన్నాయి. అదే రాత్రి దించేసి ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పాను. కంటికి తేడా ఏమీ కనిపించలేదు, కానీ ఈ రకం దెబ్బ మొదట్లో కంటికి కనిపించదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

తగ్గించి వాడుకుందామని డిమ్మర్ పెట్టిస్తే ఇంకో తలనొప్పి. సగానికి తగ్గించగానే లైట్లు మినుకుమినుకుమన్నాయి. మామూలుగా చూస్తే తెలియకపోయినా, బట్టల వీడియో తీస్తే ఫోన్ తెర నిండా నల్లటి చారలు. చిప్పుకు కరెంటు అందించే డ్రైవర్‌కూ డిమ్మర్‌కూ పొత్తు కుదరకపోతే ఇంతేనట. "డిమ్మబుల్" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకండి. ఏ పద్ధతిలో, ఏ డిమ్మర్‌తో, ఎంత కిందికి తగ్గుతుందో అడగండి. ఫోన్ కెమెరా తెరిచి లైటు వైపు పెట్టి చూడటానికి పైసా ఖర్చు లేదు.

ఎనిమిదో నెల వచ్చేసరికి ఐదు లైట్లు ఆరిపోయాయి. పెట్టె మీద 50,000 గంటలని ఉంది. రోజుకు 10 గంటల చొప్పున పదమూడేళ్ల పైమాటే. ఆ గంటలు చిప్పు వెలుగు 70 శాతానికి పడిపోయేదాకా వేసే లెక్కట. డ్రైవర్ గొడవ అందులో లేదు. నా ఐదింటిలోనూ పోయింది డ్రైవరే. లైటుకు వెనక బిగించిన చిన్న డబ్బాలో వేడికి ఉడికి చచ్చింది. వారంటీ కాగితం తీసి చదివితే, చిన్న అక్షరాల్లో "డ్రైవర్ మినహా". ఆ కాగితం కొన్న రోజే చదివి ఉండాల్సింది, తప్పు నాదే.

కొట్లాడి కొట్లాడి ఐదింటికి బదులు తెప్పించుకుంటే, అవి పాతవాటి పక్కన కాస్త ఆకుపచ్చగా వెలిగాయి. రెండింటి మీదా 3000 కెల్విన్ అనే ఉంది. తెలుపు పసుపు వైపు ఉందా, నీలం వైపు ఉందా చెప్పే అంకె అది. ఆ పేరు మీద సుమారు 2870 నుంచి 3220 దాకా ఉన్న లైట్లన్నీ చెలామణీ అవుతాయని అప్పుడు తెలిసింది. తేడా కంటికి ఆనకూడదనుకుంటే మ్యాకాడమ్ 3 స్టెప్ (లైటుకూ లైటుకూ మధ్య రంగు తేడాను కొలిచే మెట్లు) లోపు ఉండేవి అడగాలి, అన్నీ ఒకే బ్యాచ్‌లోవి తీసుకోవాలి, నాలుగైదు ఎక్కువే కొని దాచుకోవాలి.

బీమ్ కోణం, అంటే లైటు వెలుగు ఎంత వెడల్పుగా విచ్చుకుంటుందో, దాని గురించి ఒక్క మాట. నాకు అన్నీ 60 డిగ్రీలవే అంటగట్టాడు. మూడు మీటర్ల దూరం నుంచి 15 డిగ్రీల లైటు సుమారు 80 సెంటీమీటర్ల వెడల్పున పడుతుంది, 60 డిగ్రీలది మూడున్నర మీటర్లు. గోడంతా ఒకేలా వెలిగిపోతే కన్ను దేనిమీద ఆగుతుంది?

ఈసారి కొనేటప్పుడు ముగ్గురిని ఒక్కో శాంపిల్ అడిగి, రాత్రి మిగతా లైట్లన్నీ ఆర్పి నా సరుకు మీదే వేసి చూశాను. ఎరుపు, ముదురు నీలం పక్కన నలుపు, తెల్లవి రెండు రకాలు, ఆఖరికి నా అరచెయ్యి. తర్వాత ఆర్ 9 కనీసం 50, స్టెప్ 3, డ్రైవర్‌తో కలిపి వారంటీ అని బిల్లు మీదే రాసివ్వమన్నాను. ఇద్దరు మాట దాటేశారు. మూడో ఆయన రాసిచ్చాడు, ఆయన దగ్గరే తీసుకున్నాను. కొత్త లైట్ల అడాప్టర్ పాత ట్రాక్‌లో కూర్చోలేదు, ట్రాక్ కూడా మార్చాల్సి వచ్చింది. మీరు ముందే చూసుకోండి.

పాతవాటిలో పనిచేస్తున్న 41 ఇంకా నా దగ్గరే ఉన్నాయి. కొన్ని స్టోర్ రూములో పెట్టించాను. అక్కడ ఉండేవన్నీ ఖాళీ అట్టపెట్టెలే కాబట్టి ఏ రంగులో కనిపించినా ఎవరూ వెనక్కి తీసుకురారు.