విరిగిన స్టడ్డుకు కొత్త హెడ్డు అక్కరలేదు: ఆటోనగర్‌లోని ఒక లేత్ వర్క్స్ పనితనం

బుల్లెట్ బండి సైలెన్సర్ బెండును సిలిండర్ హెడ్డు (ఇంజిను పైభాగం)కు బిగించే స్టడ్డు, అంటే తల లేని మర కడ్డీ, విరిగిపోతే, చాలా గ్యారేజీలలో ముందుగా వినిపించేది కొత్త హెడ్డు వేయించుకోమనే సలహా. మా బండికి రెండు స్టడ్లూ విరిగాయి. విజయవాడ ఆటోనగర్‌లో నేను హెడ్డు అప్పగించిన లేత్ వర్క్స్‌వారు మాత్రం విరిగిన తీరును పరిశీలించి, ఒక్కో స్టడ్డుకు ఎంత తీసుకుంటారో ముందే చెప్పి, చివరకు అంతే తీసుకున్నారు.

అల్యూమినియం హెడ్డులో ఉక్కు స్టడ్డు పట్టేయడానికి తుప్పు ఒక్కటే కారణం కాదు. తేమ చేరినచోట ఈ రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య జరిగి అల్యూమినియం తినుకుపోతుంది. అప్పుడు పుట్టే తెల్లటి పొడి మరల సందుల్లో బిగుసుకుంటుంది. అందుకే బలం పెట్టి తిప్పితే స్టడ్డు కదలక ముందే మెడ తెగుతుంది.

ఇక్కడి మేస్త్రిగారు బలానికి పోలేదు. మరల సందుల్లోకి దిగే పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి రాత్రంతా నానబెట్టి, హెడ్డు మొత్తాన్ని ఓవెన్‌లో సమంగా వేడి చేశారు. వేడికి అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కనుక పట్టు సడలుతుంది. ఒకేచోట గ్యాస్ మంట పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు, అది సరైన నిర్ణయం: అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీల లోపే నేరుగా కరిగిపోతుంది. బయటికి కొంచెం మిగిలిన స్టడ్డు మీద నట్టు పెట్టి, నట్టు లోపలి నుంచి వెల్డింగ్ చేసి, చల్లారనిచ్చి, అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిలిస్తూ తీశారు.

హెడ్డు లోపలికి విరిగిన రెండో స్టడ్డు దగ్గరే అసలు పనితనం కనిపించింది. చేతి డ్రిల్లుతో మొదలుపెడితే బిట్టు గట్టి ఉక్కును వదిలి మెత్తని అల్యూమినియం వైపు జారుతుంది కాబట్టి, హెడ్డును మిల్లింగ్ మిషన్ మీద బిగించి, కేంద్రం చూసుకుని, చిన్న బిట్టుతో మొదలుపెట్టి, మర విప్పుకునే దిశలో, అంటే ఎడమ వైపు తిరిగే బిట్లతో క్రమంగా పెంచుకుంటూ పోయారు. 8 మిల్లీమీటర్ల సాధారణ మరకు రంధ్రం 6.8 మిల్లీమీటర్లు దాటి కోస్తే అసలు మరలు పోతాయి. విరిగిన ముక్కలో దిగి దాన్ని తిప్పి తీసే ఈజీ అవుట్ వాడదామా అని నేను అడిగితే వద్దన్నారు. అది గట్టిపరచిన ఉక్కు కనుక లోపల విరిగితే మామూలు బిట్టు దాన్ని కోయలేదు, విద్యుత్ మెరుపులతో లోహాన్ని కోసే స్పార్క్ మిషన్‌కు పంపాల్సిందే. మిగిలిన మర బలహీనంగా ఉన్నందున హెలికాయిల్, అంటే రంధ్రంలో కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట, వేశారు. నా అభిప్రాయంలో మాటిమాటికీ విప్పే చోట అల్యూమినియం మరకంటే అదే నమ్మదగినది.

లోపాలూ ఉన్నాయి. ఇచ్చిన రోజే పని పూర్తి కాదు, తొందరపెట్టినా ఫలితం ఉండదు. కొత్త స్టడ్లు మళ్లీ పట్టేయకుండా పూయడానికి యాంటీ సీజ్ పేస్టు వారి దగ్గర లేదు. పొడిగా బిగిస్తే మళ్లీ ఇదే పరిస్థితి వస్తుంది కాబట్టి ఆ పేస్టును మనమే తీసుకెళ్లాలి. అది పూసినప్పుడు బిగింపు కొంత తగ్గించాలన్న సంగతి కూడా వారు తమంతట చెప్పరు, అడిగి తెలుసుకోవాలి. స్పార్క్ మిషన్ అక్కడ లేదు గనుక లోపల ఈజీ అవుట్ విరిగిన హెడ్లను వేరేచోటికి పంపిస్తారు. ఈ షాపుకు వెళ్లేవారు వాల్వులు విప్పించిన ఖాళీ హెడ్డును, ఎవరిచేతా డ్రిల్లు పెట్టించకుండా, విరిగింది విరిగినట్టే తీసుకెళ్లడం మంచిది.