లాక్టోజ్ లేని పెరుగు: చిన్న జాబితా ఉన్న డబ్బాకే నా ఓటు

పాలు పడవని తేలిపోయిన తరువాత కూడా పెరుగన్నం మానుకోలేని వారిలో నేనొకణ్ణి. అమెరికాలోని మా ఇంట్లో కొన్నేళ్లుగా వాడుతున్నది గ్రీన్ వ్యాలీ క్రీమరీ వారి లాక్టోజ్ (పాలలో సహజంగా ఉండే చక్కెర) లేని సాదా పెరుగు, అందులోనూ వెన్న తీయని పాలతో చేసినది. కాలిఫోర్నియాలోని సొనోమా కౌంటీకి చెందిన సంస్థ ఇది. బ్యాక్టీరియా పేర్లు కాస్త పొడవుగా ఉన్నా, డబ్బా మీది దినుసుల జాబితా నిజానికి మూడింటితోనే ముగుస్తుంది: పాలు, లాక్టోజ్‌ను విడగొట్టే లాక్టేజ్ ఎంజైమ్, తోడుకు వాడిన సజీవ బ్యాక్టీరియా. నేను దీన్ని వదలకపోవడానికి కారణం అదే.

చాలా పెరుగులలో చిక్కదనం కోసం పండ్ల నుంచి తీసే పెక్టిన్, మొక్కజొన్న పిండి, కర్రపెండలం పిండి, జెలటిన్ వంటివి కలుపుతారు. చెంచాతో నేరుగా తినేవారికి వీటితో పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు గాని, అన్నంలో కలిపితే గుట్టు బయటపడుతుంది. జెలటిన్ సుమారు 35 డిగ్రీల వేడికే కరుగుతుంది కాబట్టి, ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు గడ్డగా నిలబడిన పెరుగు వేడన్నం తగలగానే నీళ్లలా జారిపోతుంది. పిండి కలిపినదైతే ఉప్పు వేసి పిసికేసరికి జిగురెక్కి నాలుకకు పట్టుకుంటుంది. పైగా జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. శాకాహారులు ఆ ఒక్క మాట కోసమైనా డబ్బాను తిప్పి చదవాలి. ఇవేవీ కలపని పెరుగులో ఒక చెంచా తీసిన గుంటలో మర్నాటికి తేట నీరు ఊరుతుంది. అది పాడైనట్టు కాదు; నేను దాన్ని పారబోయకుండా మజ్జిగలో కలిపేస్తాను.

రుచి సంగతి ముందే తెలిసి ఉండడం మంచిది. లాక్టేజ్ పాలలోని లాక్టోజ్‌ను గ్లూకోజ్, గెలాక్టోజ్‌లుగా విడగొడుతుంది. ఈ రెండూ లాక్టోజ్ కంటే తియ్యనివి. అందువల్ల ఏ సంస్థ చేసినా, చక్కెర వేయకపోయినా, ఇలాంటి పెరుగులో లేత తీపి తగులుతుంది. ఆవకాయ నంజుకుంటే అది తెలియదు గాని మజ్జిగ పులుసులో తెలుస్తుంది. దించే ముందు నిమ్మరసం పిండక తప్పదు. లాక్టోజ్ లేదంటే చక్కెర లేదని అర్థం కాదు కాబట్టి, మధుమేహం ఉన్నవారు పోషకాల పట్టికలో మొత్తం చక్కెరలనూ, విడిగా కలిపిన చక్కెరనూ రెండింటినీ చూడాలి. పాల ప్రోటీన్ పడనివారు ఈ పెరుగు జోలికి వెళ్లకూడదు, ఆ ప్రోటీన్ ఇందులో ఎక్కడికీ పోదు.

అసలు ఇది అందరికీ అవసరమా అంటే, కాదనే నా అభిప్రాయం. మామూలు పెరుగులోనూ తోడు బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను తినేస్తుంది. సజీవ బ్యాక్టీరియా ఉన్న పెరుగు లాక్టోజ్ అరగడానికి తోడ్పడుతుందన్న మాటను ఐరోపా ఆహార భద్రతా సంస్థ కూడా 2010లో అంగీకరించింది. పాలు పడకపోయినా ఇంటి పెరుగు పడేవారు ఈ అదనపు ఖర్చు పెట్టుకోనక్కరలేదు. నాకు అదీ పడలేదు.

లాక్టోజ్ లేని పెరుగు ఎవరిదైనా మామూలు దానికంటే ధర ఎక్కువే. రోజూ రెండు పూటలా పెరుగు తినే ఇంటికి అది భారమే కనుక, ఇప్పుడు డబ్బాను ప్రధానంగా తోడు కోసమే కొంటున్నాను. లాక్టోజ్ తీసిన పాలను కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు ఒక చెంచా పెరుగు కలిపి, లోపలి లైటు మాత్రమే వేసిన ఓవెన్‌లో రాత్రంతా ఉంచుతాను. ఆ పాలను దుకాణానికి రాకముందే బాగా ఎక్కువ వేడి మీద శుద్ధి చేయడం వల్ల కాబోలు, గడ్డ కాస్త లేతగా వస్తుంది, మీగడ ఆశించకూడదు. తెల్లవారాక ఇంకొంత సేపు బయటే ఉంచితే డబ్బా పెరుగులో దొరకని పులుపు దీనికి వస్తుంది. తోడు మీద తోడు వేస్తూ పోతే మాత్రం రుచి మారిపోతుంది. పెరుగు తీగ సాగడం మొదలైతే కొత్త డబ్బా తెరుస్తాను.