జాగ్రత్త: డెమో చూసి ఆ వెబ్‌సైట్ టెంప్లేట్ కొనకండి

బిజినెస్ సైట్ల టెంప్లేట్లు (రెడీమేడ్ డిజైన్లు) అమ్మే ఆయన గురించి ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది, పేరు రాయను. "పూర్తిగా రెస్పాన్సివ్, క్లీన్ కోడ్" అని రాసుకున్నాడు, రెస్పాన్సివ్ అంటే ఏ స్క్రీన్ వెడల్పుకైనా సర్దుకునేదని. నమ్మి నిన్న కొన్నాను. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకున్నాక రిఫండ్ లేదట. నా డబ్బు ఎలాగూ పోయింది, మీది పోకూడదు.

డెమోలో మూడు కార్డులు, అంటే రాత ఉండే పెట్టెలు, గీత గీసినట్టు ఒకే ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తు ఎలా వచ్చిందో కోడ్ తెరిస్తే గానీ తెలియలేదు. ప్రతి కార్డుకీ హైట్ 320 పిక్సెల్స్ అని బిగించి, ఓవర్‌ఫ్లో హిడెన్ (పెట్టె దాటిన రాతని దాచేసేది) పెట్టాడు. లోపలి హెడ్డింగ్‌కి కూడా అంతే: ఫాంట్ 24 పిక్సెల్స్, హైట్ 26, లైన్ హైట్ (ఒక లైనుకి దక్కే ఎత్తు, ఫాంట్ సైజుకి ఇన్ని రెట్లని) 1.1, మళ్లీ ఓవర్‌ఫ్లో హిడెన్. డెమోలో ఉన్న ఒక్క లైను ఇంగ్లిష్‌కి అది సరిపోయింది. "స్త్రీల వస్త్రాలు" అని పెట్టగానే కింది త వత్తు, ర వత్తు కోసుకుపోయి "సీల వసాలు" అని కనిపించింది! తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు, కొన్నిచోట్ల వత్తు మీద వత్తు. లైన్ హైట్ కనీసం 1.5, 1.6 ఉంటే గానీ ఊపిరాడదు.

ఇదే స్క్రీన్‌షాట్ తీసి సపోర్ట్‌కి పంపాను. వచ్చిన జవాబు ఇది: "డెమోలో బాగానే ఉంది. మీ టైటిల్స్ చిన్నవి చేసుకోండి." ఆ వెంటనే టికెట్ మూసేశాడు.

టైటిల్ చిన్నది చేస్తే ఏమవుతుంది? "స్త్రీలు" అని ఒక్క మాట పెట్టినా తెగుతుంది, ఎందుకంటే తెగుతున్నది పొడవు కాదు, ఎత్తు. అసలు పేజీలో ఏ మాట ఎంత పొడవుండాలో స్టైల్‌షీట్ (పేజీ రూపం చెప్పే CSS ఫైలు) రాసినవాడు నిర్ణయించకూడదు. రాత పెరిగితే పెట్టె పెరగాలి. హైట్ తీసేసి మిన్-హైట్ (కనీస ఎత్తు) పెడితే అయిపోయే పని. కార్డులన్నీ సమానంగా కావాలంటే గ్రిడ్ అనే CSS అమరికలో పెడితే చాలు, ఒకే వరుసలో ఉన్నవన్నీ వాటంతట అవే ఒకే ఎత్తుకి సాగుతాయి. ఇంత చిన్న పని చేయకుండా, తప్పు కొన్నవాళ్ల మీదకి నెట్టడం నాకు మింగుడు పడటం లేదు.

మిగతా ఫైలూ అలాగే ఉంది. పేజీలోని అన్నిటినీ పట్టి ఉంచే కంటెయినర్ పెట్టెకి మాక్స్-విడ్త్ (గరిష్ట వెడల్పు) కాకుండా నేరుగా విడ్త్ 1170 పిక్సెల్స్. అంత వెడల్పుకి ఫోన్‌లో పేజీ పక్కకి జరగాలి కదా, జరగకుండా బయటి డివ్‌కి (అన్నిటికీ బయటున్న పెట్టెకి) ఓవర్‌ఫ్లో-ఎక్స్ హిడెన్ (పక్కకి దాటింది దాచేసేది) తగిలించాడు. అంటే లోపం పోలేదు, దాగింది. ఫారమ్‌లో కుడివైపున్న సబ్మిట్ బటన్ ఫోన్‌లో కనబడదు, పక్కకి జరిపి అందుకోవడానికీ వీల్లేదు. పైన అతుక్కుని ఉండాల్సిన స్టికీ మెనూ కూడా అందుకే పనిచేయదు. ఆ డివ్ విడిగా ఒక స్క్రోల్ కంటెయినర్ (తనలో తాను జరిగే పెట్టె) అయిపోతుంది, స్టికీ దానికే కట్టుబడుతుంది, పేజీ జరిగినా మెనూ నిలబడదు.

సర్దుదామంటే వందల కొద్దీ ఇంపార్టెంట్‌లు (!important, మిగతా రూల్స్‌ని తోసేసే గుర్తు). ఒక్క రంగు మార్చాలన్నా మనమూ ఇంపార్టెంట్ పెట్టాలి, పైగా ఐడీ సెలెక్టర్ల (ఒకే ఎలిమెంట్‌ని దాని ఐడీతో పట్టే రూల్స్) మీద ఉన్నవాటికి మన క్లాస్ సెలెక్టర్ బలం చాలదు. రంగులు వేరియబుల్స్‌లో (ఒకచోట మారిస్తే అంతటా మారేవి) లేవు, ఒకే నీలం ఫైలంతా చెల్లాచెదురుగా ఉంది. చిన్న అక్షరాలకి #999 బూడిద రంగు. తెలుపు మీద దాని కాంట్రాస్ట్ (రాతకీ వెనక రంగుకీ మధ్య వెలుగు నిష్పత్తి) దాదాపు 2.85, మామూలు రాతకి 4.5 కావాలి. ఫోకస్ అవుట్‌లైన్ (కీబోర్డుతో చేరిన చోటు చుట్టూ వచ్చే గీత) మొత్తం తీసేశాడు, కీబోర్డుతో తిరిగేవాళ్లకి ఎక్కడున్నారో తెలియదు.

ఇవన్నీ డబ్బు కట్టకముందే పట్టుకోవచ్చు, పది నిమిషాల పని. నేను చేయలేదు, తప్పు నాదే. మీరు మాత్రం డెమోని అమ్మేవాళ్ల ఫ్రేమ్ లోంచి బయటికి తీసి విడి ట్యాబ్‌లో తెరవండి. 1280 పిక్సెల్స్ వెడల్పున్న విండోలో 400 శాతం జూమ్ చేయండి, అది 320 పిక్సెల్స్ ఫోన్‌తో సమానం. బ్రౌజర్‌లో రైట్ క్లిక్ చేస్తే వచ్చే ఇన్‌స్పెక్ట్‌లో హెడ్డింగ్ మీద డబుల్ క్లిక్ చేసి, వత్తులున్న పొడవాటి తెలుగు వాక్యం అతికించి చూడండి. ట్యాబ్ కీ నొక్కుతూ మెనూ అంతా తిరగండి.

ఇప్పటికే కొనేసినవాళ్లు ముందుగా ఆ ఓవర్‌ఫ్లో-ఎక్స్ హిడెన్ తీసేయండి. తర్వాత అన్ని ఎలిమెంట్లకీ 1 పిక్సెల్ ఎర్ర అవుట్‌లైన్ తాత్కాలికంగా పెడితే ఏది బయటికి పొడుచుకొస్తోందో కనబడుతుంది. కంటెయినర్‌ని మాక్స్-విడ్త్‌కి మార్చినా ఇంకా పొడుచుకొస్తుంటే ఫ్లెక్స్ (పక్కపక్కన పేర్చే CSS అమరిక) లోపలి ఐటమ్‌కి మిన్-విడ్త్ (కనీస వెడల్పు) 0 ఇచ్చి చూడండి, నాకు ఫారమ్ దగ్గర దానితోనే సర్దుకుంది.