థార్‌లో రెండు వీటియర్లు: ఏది ఏదో ఎలా పోల్చుకోవాలి?

చలికాలంలో జైసల్మేర్ దగ్గరి డెజర్ట్ నేషనల్ పార్కుకు వెళ్లినవాళ్లంతా బట్టమేక పిట్ట కోసమే వెతుకుతారు. కళ్ల ముందే తిరిగే రెండు ఇసుక రంగు పిట్టల్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. అవి డెజర్ట్ వీటియర్, ఇసబెలైన్ వీటియర్. రెండూ చలికాలపు వలస పక్షులే, రెండూ పురుగులు తినేవే.

డెజర్ట్ వీటియర్ మగదైతే టెన్షన్ లేదు. నల్లటి గొంతు, ఆ నలుపు మెడ పక్కగా వెళ్లి రెక్క నలుపులో కలిసిపోతుంది. చిక్కంతా ఆడదానితోనే. దాని గొంతు మామూలుగా లేత రంగులో ఉంటుంది కాబట్టి దూరం నుంచి ఇసబెలైన్ అనే అనిపిస్తుంది. పైగా ఇసబెలైన్‌లో ఆడా మగా దాదాపు ఒకేలా ఉంటాయి.

ఇక్కడ నేను నమ్మేది తోకనే. పిట్ట లేచి ఎగిరేటప్పుడు చూడండి. డెజర్ట్ వీటియర్ తోక దాదాపు మొత్తం నలుపు, తెలుపు నడుం దగ్గరే ఆగిపోతుంది. ఇసబెలైన్‌కు ఆ తెలుపు తోక మొదట్లో రెండు పక్కలా దిగుతుంది, చివర వెడల్పాటి నల్ల పట్టీ ఉంటుంది. వాలి ఉంటే రెక్క చూడాలి. ఇసబెలైన్ లేత రెక్క అంచున చిన్న నల్ల మచ్చ విడిగా కనిపిస్తుంది.

నడతలోనూ తేడా ఉంది. డెజర్ట్ వీటియర్ ఎక్కువగా పొట్టి పొద మీద కాపు కాసి, చీమో పురుగో కదలగానే కిందికి దూకుతుంది. కాస్త పెద్దదైన ఇసబెలైన్ పొడుగు కాళ్లతో గబగబా పరిగెత్తి, టక్కున ఆగి, నిటారుగా నిలబడుతుంది. అయితే రెండోది కూడా అప్పుడప్పుడూ పొదలెక్కుతుంది. అందుకే నడతను బట్టి అనుమానించండి, తోకను చూసి పేరు రాసుకోండి.