పేగు ఆపరేషన్ తర్వాత సిస్టర్లే మమ్మల్ని నిలబెట్టారు: ఒక వార్డు, ఒక హోమ్ నర్సింగ్ సర్వీసు, నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా. గుంటూరులో నాన్న ఉన్న గ్యాస్ట్రో సర్జరీ వార్డు నర్సింగ్‌కి ఐదుకి నాలుగున్నర, డిశ్చార్జి తర్వాత ఇంటికి పిలిపించుకున్న హోమ్ నర్సింగ్ సర్వీసుకి ఐదుకి ఒకటి. రెండిటి పేర్లూ రాయడం లేదు. ఊరేదైనా, ఆసుపత్రి ఏదైనా చూసుకోవాల్సిన విషయాలు కాబట్టి రాస్తున్నా. ఆపరేషన్‌కి ముందు మేం డాక్టరు ఎవరు, ఎంత అనుభవం, ఎంత ఖర్చు అని పదిమందిని అడిగాం గానీ, నర్సింగ్ ఎలా ఉంటుందని ఒక్కరినీ అడగలేదు.

నాన్నకి టైఫాయిడ్ ముదిరి చిన్నపేగుకి చిల్లు పడింది. అర్ధరాత్రి ఆపరేషన్ చేసి ఇలియోస్టమీ పెట్టారు, అంటే చిన్నపేగును పొట్ట మీదకి తెచ్చి కుట్టి, దానిమీద బ్యాగ్ అతికిస్తారు, మలం అందులోకే వస్తుంది. మూడు నెలలాగి మళ్లీ లోపల పెట్టి మూసేస్తామన్నారు. స్పృహ వచ్చాక నాన్న దుప్పటి ఎత్తి చూసుకుని మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

మొదటి మూడు రోజులూ నోట్లో చుక్క నీళ్లు లేవు, ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్, సెలైన్లు. సిస్టర్లు ట్యూబ్‌లోంచి పచ్చటి నీళ్లు లాగి, కొలిచి, చార్టులో రాసేవాళ్లు. యూరిన్ ఎంత, డ్రెయిన్‌లో (పొట్టలోని నీరు బయటికి తీసే గొట్టం) ఎంత, బ్యాగ్‌లో ఎంత, అన్నీ మిల్లీలీటర్లలోనే. పెదాలు ఎండిపోతుంటే తడి గాజుగుడ్డతో తుడిచేవాళ్లు. రెండో రోజే లేపి నడిపించారు. ఇంత పెద్ద కుట్లతో నడవడమేంటని నేను గొడవపడితే, "మీరు భయపడకండి అక్కా, మనిషి కదిలితేనే పేగు కదులుతుంది, పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం, ఛాతీలో కఫం" అని ఒకమ్మాయి ఓపిగ్గా చెప్పి, డ్రెయిన్ బ్యాగ్ తను పట్టుకుని నాన్నని వరండా చివరిదాకా తీసుకెళ్లింది.

అసలు చెప్పాల్సింది స్టోమా సిస్టర్ గురించి. పొట్ట మీదకి తెచ్చిన పేగు నోటినే స్టోమా అంటారు. ఈ పని ప్రత్యేకంగా నేర్చుకున్న నర్సులు అన్నిచోట్లా ఉండరని నాకు తర్వాత తెలిసింది. నాలుగో రోజు వచ్చి నాన్న పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. "బాబాయిగారూ, ఒక్కసారి చూడండి, నోట్లో బుగ్గ లోపల ఎలా ఎర్రగా తడిగా ఉంటుందో ఇదీ అలాగే ఉంది కదా, అంటే బాగుందని అర్థం. నల్లబడితే మాత్రం వెంటనే మాకు చెప్పాలి. ముట్టుకున్నా నొప్పి తెలియదు." తుడిచేటప్పుడు కొంచెం రక్తం అంటుకుంటే కంగారు పడొద్దని కూడా అప్పుడే చెప్పింది. బ్యాగ్‌ని చర్మానికి పట్టి ఉంచే పాత ప్లేట్‌ని, చర్మం నొక్కిపట్టి నెమ్మదిగా పైనుంచి కిందికి ఊడదీసి, గోరువెచ్చని నీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చింది. సబ్బు, స్పిరిట్, పౌడరు ఏవీ పూయలేదు. కొలత చూసే అట్టని పేగు చుట్టూ పెట్టి, దానికంటే రెండు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా రంధ్రం కత్తిరించి, ఆ ప్లేట్‌ని రెండు అరచేతుల మధ్య కాసేపు పట్టుకుని వెచ్చబెట్టింది. అతికించాక నాన్న చేతిని తీసుకుని దానిమీద పెట్టి, "రెండు నిమిషాలు ఇలాగే ఉంచండి, మీ చేతి వేడికే గట్టిగా అంటుకుంటుంది" అంది. నాన్న ఆపరేషన్ తర్వాత తన పొట్టని తను తాకడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చేసింది.

అతికించుకుని వాడి పారేసే ఈ బ్యాగ్ ఆలోచన కూడా ఒక నర్సుదేనట. డెన్మార్క్‌లో ఎలిసె సోరెన్‌సెన్ అనే ఆవిడ, ఇలాంటి ఆపరేషన్ అయిన తన చెల్లెలు బయటికి రావడానికే భయపడుతుంటే చూడలేక 1954లో ఆలోచించింది. ఇలాంటి బ్యాగులు తయారుచేసే కోలోప్లాస్ట్ కంపెనీ 1957లో అలా మొదలైందే. నాన్నకి ఈ సంగతి చెప్తే చాలాసేపు బ్యాగ్ వైపు చూస్తూ ఉండిపోయారు.

ఆరో రోజు బ్యాగ్ రెండు గంటలకోసారి నిండుతోంది. అరుగుదల మొదలైందని మేం సంతోషపడ్డాం. పొద్దున్నే చార్టు కూడిన సిస్టర్ మాత్రం 24 గంటల్లో రెండు లీటర్లు దాటిందని చూసి, రౌండ్స్ దాకా ఆగకుండా డ్యూటీ డాక్టరుని పిలిచింది. రక్తపరీక్షలో సోడియం పడిపోయింది. దాహమేస్తోందని నాన్న బాటిళ్లు బాటిళ్లు మంచినీళ్లు తాగుతున్నారు, దానివల్లే ఉప్పు ఇంకా ఎక్కువ పోతోందట. ఇది మాకు అస్సలు తెలీదు. మామూలు నీళ్లు తగ్గించి, ఓఆర్ఎస్ గుక్కగుక్కగా తాగించి, భోజనానికి అరగంట ముందు డాక్టరు రాసిన మాత్ర వేశారు. రెండు రోజుల్లో బ్యాగ్‌లోది జావలా చిక్కబడింది. ఆమె ఆ అంకెలు కూడకపోయి ఉంటే కిడ్నీల దాకా వెళ్లేది. ఓఆర్ఎస్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడమని మరీమరీ చెప్పింది. ఓఆర్ఎస్ పేరుతో చక్కెర పానీయాలు అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్లతరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) అలాంటి వాటిమీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది కదా, అదే సంగతి.

వార్డుకి అర మార్కు ఎందుకు తగ్గించానంటే, రాత్రిపూట సిస్టర్లు సరిపోవడం లేదు, బ్యాగ్ లీకైతే అరగంట ఆగాల్సి వచ్చిన రోజులున్నాయి. పైగా డిశ్చార్జి కాగితమంతా ఇంగ్లీషే. ఏం తినాలో స్టోమా సిస్టరే తెలుగులో చేత్తో రాసిచ్చింది: మెత్తటి అన్నం, పెరుగు, అరటిపండు, సగ్గుబియ్యం జావ సరే, గోంగూర, తోటకూర లాంటి ఆకుకూరలు, మొక్కజొన్న, కొబ్బరి, పల్లీలు కొన్నాళ్లు వద్దు, పేగు నోటి దగ్గర ఇరుక్కుంటాయి. గోంగూర వద్దన్నది నాన్నకి బాగా కష్టమైంది.

ఇక హోమ్ నర్సింగ్. ఫోన్‌లో "గ్యాస్ట్రో కేసులు చేసిన జీఎన్‌ఎం నర్సుని పంపిస్తాం మేడమ్" అన్నారు (జీఎన్‌ఎం అంటే నర్సింగ్ డిప్లొమా చదివినవాళ్లు), రోజుకి 1,500 అడ్వాన్స్ కట్టించుకున్నారు. వచ్చిన అమ్మాయి నర్సు కాదు, అటెండర్ పని కొన్ని వారాలు నేర్చుకుని వచ్చిన పిల్ల. ఆమెని తప్పుపట్టను, భయపడుతూనే చేసింది. రంధ్రం కొలవకుండా పేగుకంటే బాగా పెద్దగా కత్తిరించి, చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచింది. చిన్నపేగులోంచి వచ్చే దాంట్లో జీర్ణరసాలు ఉంటాయి, చర్మాన్ని తినేస్తాయి. మూడో రోజుకి చుట్టూ పచ్చిపుండైపోయింది, పచ్చిగా ఉన్నచోట ప్లేట్ అంటుకోదు, అంటుకోకపోతే మళ్లీ లీకు. నాన్న రాత్రంతా పక్కకి తిరగకుండా, కదిలితే దుప్పటి పాడవుతుందని బిగుసుకుని పడుకున్నారు. మేనేజర్‌కి ఫోన్ చేస్తే ఇంకొకరిని పంపిస్తామన్నారే తప్ప, నర్సు అని చెప్పి అటెండర్‌ని ఎందుకు పంపారో చెప్పలేదు. డబ్బు తిరిగి రాలేదు.

ఆ రాత్రే వార్డుకి ఫోన్ చేశాను. మర్నాడు డ్యూటీ దిగాక స్టోమా సిస్టర్ వీడియో కాల్‌లో నా చేతే చేయించింది. పచ్చిగా ఉన్నచోట మాత్రం, దానికోసమే ఉండే స్టోమా పౌడర్ పల్చగా చల్లి, ఎక్కువైంది దులిపేసి, కొలిచి కత్తిరించి, అరచేతుల్లో వెచ్చబెట్టి అతికించాను. మూడోవంతు నిండగానే ఖాళీ చెయ్యమంది, బరువుకి ఊడిపోకుండా. ఐదు రోజుల్లో చర్మం మామూలైంది. నెల తిరిగేసరికి నాన్న తనే మార్చుకుంటున్నారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఆపరేషన్ అంటే, ఇంటికొచ్చే నర్సు రిజిస్ట్రేషన్ కార్డు చూపించమని అడగండి, మొహమాటపడొద్దు. ఇంతకుముందు స్టోమా బ్యాగ్ మార్చారా అని అడిగి, మొదటిసారి మీ ముందే మార్చమనండి. ఆసుపత్రిలో అయితే స్టోమా నర్సు ఉన్నారా, ఇంటికెళ్లాక ఫోన్ ఎత్తుతారా అని అడ్మిషన్ రోజే అడగండి.

మూడున్నర నెలలకి అదే వార్డులో పేగు మూసేశారు. పేగు మళ్లీ కదిలిందో లేదో తెలియడానికి, గ్యాస్ పోయిందా అని సిస్టర్లు పూటపూటా అడిగేవాళ్లు, మూడో రోజు నాన్న పోయిందనగానే ఆ డ్యూటీ సిస్టర్ పక్క బెడ్ వాళ్లకి కూడా చెప్పేసింది. మిగిలిన తొమ్మిది బ్యాగులూ నాలుగు ప్లేట్లూ, ఎక్స్‌పైరీ చూసి, స్టోమా సిస్టర్ చేతిలో పెట్టి వచ్చాం. కొనలేని వాళ్లు వస్తుంటారని ఆమే అడిగింది.